చిన్న జింకల వేటకు ఏ బుల్లెట్ తగినది? .243 రైఫిల్ విషయంలో సలహా కోరుతున్నాను

తొలివెలుగు

అందరికీ నమస్కారం. నా దగ్గర .243 విన్‌చెస్టర్ రైఫిల్ ఉంది (.243 అంటే బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో). దాని బ్యారెల్‌లోని గాడులు పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. అనుమతి ఉన్న పొలాల్లోనూ, వాటిని ఆనుకున్న అడవి అంచునా రో జింకలను (యూరప్‌లోని ఒక చిన్న జింక జాతి) మాత్రమే వేటాడతాను. బాగా ఎదిగిన రో జింక కూడా సాధారణంగా ఇరవై, ఇరవై అయిదు కిలోల లోపే ఉంటుంది. నేను కాల్చే దూరం ఎన్నడూ 120 మీటర్లు దాటలేదు.

గత సీజన్ చివరలో నక్కల కోసం కొని ఉంచిన 58 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) ప్లాస్టిక్ మొన బుల్లెట్‌తో ఒక జింకను 70 మీటర్ల నుంచి కాల్చాను. దెబ్బ సరిగ్గా జబ్బ మీద తగిలింది. జింక కూలబడి, మళ్ళీ లేచి, పొదల్లోకి వెళ్ళిపోయింది. శిక్షణ పొందిన కుక్క సాయంతో రెండు గంటలు వెతికితే అది బ్రతికే కనిపించింది, రెండో తూటాతో ముగించవలసి వచ్చింది. చర్మం తీసి చూస్తే జబ్బ మీద అరచేయంత గుంట పడి ఉంది గాని, పక్కటెముకలు దాటి లోపలికి ఒక్క ముక్క కూడా పోలేదు. ఆ రెండు గంటలు ఆ జంతువు పడిన బాధకు కారణం నేనే. అది మళ్ళీ జరగకూడదు. జింక వెంటనే ప్రాణం విడవాలి, మాంసం కూడా పాడు కాకూడదు. ఇందుకు ఏ రకం బుల్లెట్, ఎంత బరువులో ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నిదానం

తొలివెలుగు గారూ, జరిగినది దాచకుండా రాశారు, అందువల్ల సమాధానం చెప్పడం సులువైంది. మీ గురి సరిగానే ఉంది. ఆ బుల్లెట్ కూడా, తనను ఏ పనికి తయారు చేశారో ఆ పనే చేసింది. నక్కల వంటి చిన్న జంతువుల కోసం చేసే బుల్లెట్‌కు రాగి మిశ్రమపు తొడుగు చాలా పలుచగా ఉంటుంది. తగలగానే ప్లాస్టిక్ మొన వెనక్కి నెట్టుకుపోయి, తొడుగును చీల్చి, లోపలి సీసాన్ని పొడి చేస్తుంది. .243లో 58 గ్రెయిన్ల బుల్లెట్ బ్యారెల్ చివర సెకనుకు 1100 మీటర్లకు పైగా వేగంతో బయలుదేరుతుంది. 70 మీటర్ల దూరంలో కూడా ఆ వేగం పెద్దగా తగ్గదు కాబట్టి, జబ్బ ఎముకకు తగిలినప్పుడు అది పగిలిపోవడం తప్ప మరొకటి జరిగే అవకాశం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. పెట్టె మీద అచ్చు వేసిన శక్తి అంకెను చూసి బుల్లెట్‌ను ఎంచుకుంటారు. మీ 58 గ్రెయిన్ల బుల్లెట్ బ్యారెల్ చివర దాదాపు 2400 జౌళ్ళ శక్తితో వెళుతుంది. అదే రైఫిల్‌లో 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం తొడుగు లేకుండా బయటికి కనిపించే బుల్లెట్) సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో, దాదాపు 2600 జౌళ్ళతో వెళుతుంది. రెండు అంకెల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. కానీ మొదటిది ఆ శక్తిని చర్మం కింద నాలుగు వేళ్ళ లోతులో ఖర్చు చేసేసింది, రెండోది ఊపిరితిత్తుల గుండా సాగి అవతలి వైపు బయటకు వస్తుంది. ప్రాణం తీసేది శక్తి మొత్తం కాదు, ఆ శక్తి ఎంత లోతు వరకు, ఏ అవయవం మీద పని చేసిందన్నదే అసలు లెక్క.

చిన్న జింకలో మరో చిక్కు ఉంది. దాని ఛాతీ వెడల్పు ఒక జానెడు మాత్రమే. బుల్లెట్ ఆ దూరాన్ని దాటడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అంత తక్కువ వ్యవధిలో అది పుట్టగొడుగులా విచ్చుకోవడం మొదలు పెట్టాలి, అయినా ముక్కలు కాకుండా నిలవాలి. మరీ మెత్తనిది పైనే పగులుతుంది, మరీ గట్టిది సూదిలా దూసుకుపోతుంది. మీ రైఫిల్‌కు, మీ దూరాలకు, నడిమి మందం తొడుగు ఉన్న 95 నుంచి 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ సరిపోతుందని నా అభిప్రాయం. మిగిలిన నక్కల తూటాలను వేరే పెట్టెలో, వేరే అరలో పెట్టండి. చీకటితో బయలుదేరే రోజున చేతికి అందిన పెట్టె తీసుకునే అలవాటు వల్లనే ఇటువంటి పొరపాట్లు జరుగుతాయి.

రాగిరేకు

నిదానం గారి వివరణతో పూర్తిగా ఏకీభవిస్తూనే, చివరి సలహా దగ్గర విడిపోతున్నాను. 2026లో కొత్తగా ఎంచుకునేవారు సీసం బుల్లెట్‌తో మొదలు పెట్టవలసిన అవసరం లేదు.

సీసం గుండె ఉన్న బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించనంత సన్నని రేణువులు విడిపోతాయి. ఎక్స్‌రే తీసి చూసినవారు గాయం చుట్టూ, కమిలిన మాంసాన్ని దాటి కూడా, చాలా దూరం వరకు ఆ రేణువులు చెల్లాచెదురుగా ఉండడం గమనించారు. ఆ మాంసం పిల్లలు తినే ఇళ్ళలోకి వెళుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత తక్కువ మోతాదులోనైనా మంచిది కాదు. అడవిలో వదిలే పేగులనూ, కమిలిన భాగాలనూ తిని గద్దలు, రాబందులు విషపూరితమవుతాయి. కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందు అంతరించే అంచుకు చేరి మళ్ళీ కోలుకోవడంలో ఎదుర్కొన్న పెద్ద అడ్డంకి ఇదే. ఆ రాష్ట్రం 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వన్యప్రాణుల వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది.

.243కు 80 లేదా 85 గ్రెయిన్ల పూర్తి రాగి బుల్లెట్లు దొరుకుతాయి. మొనలో గుంట ఉండి, తగలగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటాయి, బరువు దాదాపు ఏమీ కోల్పోవు. ఆ 58 గ్రెయిన్ల బుల్లెట్ స్థానంలో ఇటువంటిది ఉండి ఉంటే, జబ్బ ఎముకను విరిచి అవతలి వైపు బయటకు వచ్చేది.

మూడుపదుల వేట

ముప్పై ఏళ్ళుగా రో జింకలనూ, ముంట్‌జాక్ అనే ఇంకా చిన్న జింకలనూ వేటాడుతున్నాను. రాగి బుల్లెట్లను వ్యతిరేకించే ఉద్దేశం నాకు లేదు, ఇప్పుడు నేనూ సగం వాటినే వాడుతున్నాను. అయితే వాటిని సీసం బుల్లెట్ల లాగే వాడితే నిరాశ తప్పదని చెప్పడం నా బాధ్యత.

మొదటి ఏడాది నేను రాగి బుల్లెట్‌తో, అలవాటు ప్రకారం జబ్బకు వెనుకగా, పక్కటెముకల మధ్య కాల్చాను. జింక ఏమీ కానట్టు ఎనభై మీటర్లు పరుగెత్తి పడిపోయింది. అది పడిన చోటు గడ్డి మైదానం కాబట్టి సరిపోయింది, దట్టమైన పొదలైతే దొరికేది కాదు. కోసి చూస్తే లోపలికి వెళ్ళిన రంధ్రమూ, బయటకు వచ్చిన రంధ్రమూ ఇంచుమించు చిటికెన వేలంతే ఉన్నాయి. ఇరవై కిలోల జంతువులో, రెండు సన్నని పక్కటెముకల మధ్య నుంచి పోయే గట్టి బుల్లెట్‌కు విచ్చుకోవడానికి తగినంత అడ్డు దొరకదు. పెద్ద జింకలకు మెచ్చుకునే గట్టిదనమే చిన్న జింక దగ్గర లోపంగా మారుతుంది.

ఇది రాగికి మాత్రమే చెందిన విషయం కాదు. సీసాన్ని తొడుగుకు అతికించి చేసే బాండెడ్ బుల్లెట్లకూ, మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ రకానికీ వర్తిస్తుంది. 1948లో నోస్లర్ అనే అమెరికా సంస్థ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన ఆ పార్టిషన్ బుల్లెట్ పుట్టుకకు కారణం మూస్ వంటి భారీ జంతువు. దాని ముందుభాగం మెత్తగా ఉండడం వల్ల చిన్న జింకల మీద కూడా పనిచేస్తుంది గాని, బాండెడ్ రకాల్లో కొన్ని మరీ మొండివి. .243లో రో జింక కోసం బాండెడ్ బుల్లెట్ కొనడం నా దృష్టిలో అనవసరం.

అందుకే రాగి వాడే రోజున నేను గురిని కొంత ముందుకు జరుపుతాను. ముందు కాలి వెనుక అంచు వెంబడి, ఛాతీ ఎత్తులో కింది మూడో వంతు దగ్గర కాలుస్తాను. అక్కడ బుల్లెట్‌కు కండ, ఎముక తగులుతాయి, గుండె పైభాగమూ అక్కడే ఉంటుంది. సీసం సాఫ్ట్ పాయింట్ అయితే ఒక చేతి వెడల్పు వెనక్కి వెళతాను, జబ్బ మాంసం మిగులుతుంది. ఏ బుల్లెట్ అన్నది తేల్చుకున్నాకే ఎక్కడ కాల్చాలన్నది తేలుతుంది. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చర్చించడం వల్లనే వాదనలు తెగవని నాకు అనిపిస్తుంది.

తొలివెలుగు

మూడుపదుల వేట గారూ, మీ చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. బుల్లెట్ మార్చితే గురి పెట్టే చోటు కూడా మార్చాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, మేము తినే మాంసంలో ఎక్కువ భాగం ఈ జింకలదే, కాబట్టి రాగిరేకు గారి మాటను తేలికగా తీసుకోలేను. ఒక సందేహం ఉంది. రాగి బుల్లెట్ తక్కువ బరువైనా పొడవుగా ఉంటుందని విన్నాను. నా బ్యారెల్‌లోని పది అంగుళాల చుట్టు దానికి సరిపోతుందా?

కొలతబద్ద

సరిపోతుంది, కారణం లెక్కతో చెబుతాను. బుల్లెట్ గాలిలో తలకిందులు కాకుండా నిలబడడానికి తగినంత వేగంగా తిరగాలి. ఎంత వేగంగా అన్నది ప్రధానంగా దాని పొడవును బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. 1879లో ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ అనే గణితవేత్త దీనికి ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చిన దాన్ని 150తో గుణించి, బుల్లెట్ పొడవుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో వస్తుంది. నేటి రైఫిళ్ళ అధిక వేగాలకు 150కి బదులు 180 వాడతారు.

నా దగ్గర ఉన్న 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్‌ను వెర్నియర్‌తో కొలిస్తే 1.05 అంగుళాలు వచ్చింది. 180తో లెక్క వేస్తే 10.1 అంగుళాలు. అంటే మీ పది అంగుళాల చుట్టు ఆ బుల్లెట్‌కు సరిగ్గా అమరుతుంది.

ఈ సూత్రం సీసం గుండె ఉన్న బుల్లెట్ సాంద్రతను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు ఉంటే, రాగి దాదాపు 9 గ్రాములే. ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటే, అదే పొడవున్న రాగి బుల్లెట్‌కు పది శాతం బిగువైన చుట్టు, అంటే ఇంకా తక్కువ అంగుళాలకే ఒక చుట్టు, కావాలి. పైగా అదే బరువుకు రాగిది ఇంకా పొడవుగా ఉంటుంది. ఈ రెండు కారణాల వల్లనే .243లో 100 గ్రెయిన్ల రాగి బుల్లెట్ కోసం వెతకవద్దు. 80, 85 గ్రెయిన్ల రాగి బుల్లెట్లను పది అంగుళాల చుట్టుకు సరిపోయేలాగే రూపొందిస్తారు. బరువు తగ్గిందని బెంగ అక్కరలేదు, బరువు కోల్పోని బుల్లెట్‌కు మొదట అంత బరువు ఉండనవసరం లేదు.

మరొక అంకె కూడా చూసుకోండి. రాగి బుల్లెట్ విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని తయారీదారులు ప్రకటిస్తారు. చాలా రకాలకు అది సెకనుకు 550 నుంచి 600 మీటర్ల మధ్య ఉంటుంది. మీ 120 మీటర్ల దగ్గర .243 ఆ గీతకు ఎంతో పైనే ఉంటుంది. పొట్టి బ్యారెల్, నెమ్మది తూటా, దూరపు దెబ్బ, ఈ మూడూ కలిసినప్పుడే ఆందోళన.

వాగుగట్టు

నాకు .308 ఒక్కటే ఉంది. రో జింకకు అది మరీ పెద్దదని, వేరే రైఫిల్ కొనాలని అందరూ అంటున్నారు. నిజమేనా?

నిదానం

వాగుగట్టు గారూ, కొనవలసిన పని లేదు. వినడానికి వింతగా ఉన్నా, నెమ్మదిగా వెళ్ళే బరువైన బుల్లెట్ చిన్న జింక మాంసాన్ని తక్కువగా పాడు చేస్తుంది. 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ .308లో సెకనుకు 860 మీటర్లతో బయలుదేరుతుంది, అదే బ్యారెల్‌లో 165 లేదా 180 గ్రెయిన్లది ఇంకా నెమ్మదిగా వెళుతుంది. మాంసాన్ని జెల్లీలా కమిలించేది ముఖ్యంగా తగిలే క్షణంలోని వేగమూ, బుల్లెట్ పగిలే తీరూ. 1890లలో రూపుదిద్దుకున్న 6.5×55 స్వీడిష్ తూటాను నేటికీ ఎందరో ఇష్టపడడానికి కారణం ఇదే. 140 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ మితమైన వేగంతో వెళ్ళి, శాంతంగా తన పని చేసుకుపోతుంది. .308లో 110, 125 గ్రెయిన్ల తేలిక బుల్లెట్ల జోలికి మాత్రం పోకండి, తొలివెలుగు గారి కథ మీ దగ్గర పునరావృతమవుతుంది.

నియమావళి

బుల్లెట్ ఎంచుకునే ముందు మీరు వేటాడే చోట చట్టం ఏమంటుందో చూడాలి, ఎందుకంటే ఒక దేశంలో చెల్లే తూటా పక్క దేశంలో నేరమవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో రో జింకకు కనీసం .240 అంగుళాల వ్యాసం, బ్యారెల్ చివర 1700 అడుగు పౌన్ల శక్తి, అంటే దాదాపు 2300 జౌళ్ళు ఉండాలి. ముంట్‌జాక్, చైనా నీటి జింకలకు మాత్రం .220 వ్యాసం, 50 గ్రెయిన్ల బరువు, 1000 అడుగు పౌన్లు చాలు. స్కాట్లాండ్‌లో రో జింకకు 50 గ్రెయిన్లు, 1000 అడుగు పౌన్లు, సెకనుకు 2450 అడుగుల వేగం ఉంటే సరిపోతుంది కాబట్టి, ఇంగ్లండ్‌లో రో జింకకు చెల్లని .223 అక్కడ చెల్లుతుంది. జర్మనీ బ్యారెల్ చివరి శక్తిని చూడదు, రో జింకకు 100 మీటర్ల దగ్గర 1000 జౌళ్ళు ఉండాలంటుంది. జంతువును తాకే చోటుకు దగ్గరగా కొలవడం నాకు మరింత సబబుగా తోస్తుంది.

విచ్చుకోని, పూర్తి లోహపు తొడుగు ఉన్న సైనిక రకం బుల్లెట్‌ను జింకల మీద వాడరాదు. చట్టం నిషేధించని చోట కూడా అది క్రూరమే అవుతుంది.

మూడుపదుల వేట

రాగి వైపు మొగ్గుతున్న తొలివెలుగు గారికి ఒక హెచ్చరిక. రాగి బుల్లెట్ చిన్న జింకలో దాదాపు ఎప్పుడూ ఆగదు. అవతలి వైపు బయటకు వచ్చి, బరువు మొత్తంతో, గట్టిగా, ఇంకా ప్రమాదకరమైన వేగంతో ముందుకు పోతుంది. గట్టి నేల మీదా, రాళ్ళ మీదా తగిలి దారి మళ్ళే అవకాశం కూడా ఉంది. జింక వెనుక మెత్తని మట్టిగట్టు గాని, వాలు గాని కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టవద్దు. ఆకాశం నేపథ్యంగా గుట్ట అంచున నిలబడిన జింక ఎంత అందంగా కనిపించినా దాన్ని వదిలేయాలి. పొదల వెనుక మరో జింక నిలబడి ఉందేమో కూడా చూడాలి, ఒకే తూటాకు వెనుక ఉన్నది గాయపడడం నేను కళ్ళారా చూశాను.

రాగికి మారేటప్పుడు బ్యారెల్‌ను పాత లోహపు మడ్డి పోయేలా పూర్తిగా శుభ్రం చేసి, గురి మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. పాత సీసం తూటా గురి కుదిరిన చోటే రాగిది కూడా తగులుతుందని అనుకోవద్దు. ఒకే బరువున్న రెండు రకాలు 100 మీటర్ల దగ్గర నాలుగు వేళ్ళ తేడాతో తగలడం మామూలే. రో జింకలో ప్రాణాంతకమైన చోటు అరచేయి కన్నా కొంచెమే పెద్దది, ముంట్‌జాక్‌లో అంత కూడా ఉండదు.

తొలివెలుగు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మూడు రకాల తూటాలు ఒక్కొక్క పెట్టె తెచ్చి, బ్యారెల్ శుభ్రం చేసి, 100 మీటర్ల దగ్గర ఒక్కో రకం అయిదేసి చొప్పున రెండు విడతలు కాల్చాను. ప్రతి విడతకూ మధ్య బ్యారెల్ చల్లబడేదాకా ఆగాను. 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్లలో ఒక రకం 34 మిల్లీమీటర్ల గుంపునూ, మరొక రకం 61 మిల్లీమీటర్ల గుంపునూ ఇచ్చాయి, అంటే రంధ్రాలన్నీ అంత వెడల్పులో పడ్డాయి. 80 గ్రెయిన్ల రాగి 27 మిల్లీమీటర్ల లోపు నిలిచింది. సాఫ్ట్ పాయింట్‌కు అనుకూలంగా ఉన్న గురితో కాల్చినప్పుడు రాగి గుంపు అయిదు సెంటీమీటర్లు పైకీ, కొంచెం ఎడమకూ పోయింది. మూడుపదుల వేట గారి మాట వినకపోయి ఉంటే అది నా మొదటి జింక మీద తెలిసేది.

రాగినే ఎంచుకున్నాను. మొన్న తెల్లవారుజామున, మట్టివాలు ముందు నిలబడిన ఏడాది వయసు మగ జింకను, 85 మీటర్ల నుంచి, కర్రల ఊత మీద రైఫిల్ ఆనించి, పూర్తిగా పక్కకు తిరిగే వరకు ఆగి కాల్చాను. ముందు కాలి వెనుక అంచు, కింది మూడో వంతు. అది ఒక్కసారి ముందుకు ఎగిరి, పదిహేను అడుగులు నడిచి పడిపోయింది. అయినా పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. లోపలికి వెళ్ళిన రంధ్రం బఠాణీ అంత, బయటకు వచ్చినది బొటనవేలి గోరంత ఉంది. గుండె పైభాగం, రెండు ఊపిరితిత్తులు చీలిపోయాయి. అవతలి జబ్బ మీద కమిలి తీసేయవలసి వచ్చిన మాంసం ఒక గుప్పెడు.

మూడుపదుల వేట

తొలివెలుగు గారూ, చదివి మనసు తేలికపడింది. ఒక్క విషయం అడుగుతాను. బయటి రంధ్రం వైపు నేల మీద నెత్తురు ఎక్కడ మొదలైంది?

తొలివెలుగు

నిలబడిన చోటు నుంచి రెండు అడుగుల అవతల, గడ్డి మీద నురుగుతో, లేత ఎరుపు రంగులో కనిపించింది. పడిపోయిన చోటు వరకు ఎక్కడా తెగలేదు.

మూడుపదుల వేట

నురుగు, లేత ఎరుపు అంటే ఊపిరితిత్తులే. జింక మీ కంటికి కనిపించకపోయినా ఆ నెత్తుటి జాడ మిమ్మల్ని దాని దగ్గరకు చేర్చేది. అదే పెట్టె మీద ఉన్న తయారీ సంఖ్య చూసి, ఈ సీజన్‌కు సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. సంఖ్య మారితే గురి మళ్ళీ సరిచూడాలి.